కరెంటు మీటర్‌కి వైఫై ఎందుకు సరిపోదు? అమీర్‌పేట సెల్లార్ చెప్పే నెట్‌వర్క్ పాఠం

అమీర్‌పేటలో ఏసీ రూమ్ తీసుకుని ఉన్నవాళ్లకి ఈ సీన్ బాగా తెలుసు. నెలాఖరులో వాట్సాప్‌కి ఒక ఫొటో వస్తుంది. మసకగా కనిపిస్తున్న సబ్ మీటర్, దాని మీద ఐదు అంకెలు, కింద ఒక లెక్క: ఈ నెల 148 యూనిట్లు, రూమ్‌లో ముగ్గురు, తలా ఇంత. ఆ ఫొటో ఏ రోజు తీశారో తెలీదు. పోయిన నెల రీడింగ్ ఎవరి దగ్గర ఉందో తెలీదు. అయినా కట్టేస్తాం. ఎందుకంటే అడగడానికి మన చేతిలో లెక్క లేదు.

ఫోన్‌లో ఏ యాప్ ఎంత బ్యాటరీ తిన్నదో పర్సెంటేజ్‌తో సహా చూసుకునే మనం, కరెంటు బిల్లు దగ్గరికి వచ్చేసరికి ఒక మసక ఫొటోని నమ్ముతున్నాం. "అంతేగా, మీటర్‌కి ఒక వైఫై చిప్ పెట్టేస్తే పోలా?" అని మీకు అనిపించొచ్చు. చాలామందికి ముందు వచ్చే ఐడియా అదే. కానీ బిల్డింగ్ మొత్తానికి అదే పద్ధతి పెడితే సాధారణంగా దెబ్బతినేది కూడా అక్కడే. మీటర్‌కి కావాల్సింది ఫాస్ట్ నెట్‌వర్క్ కాదు. నెమ్మదిగా అయినా సరే, సెల్లార్‌లోంచి మాట బయటికి చేర్చే నెట్‌వర్క్. అది ఎలా పనిచేస్తుందో, మన హైదరాబాద్‌లో ఎక్కడ వాడారో, మీ బిల్డింగ్‌లో పెట్టాలంటే ఏం చూడాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

రీడింగ్ లేకపోతే ఏమవుతుంది?

2020 లాక్‌డౌన్ గుర్తుందా? అప్పుడు మీటర్ రీడర్లు ఇళ్లకి రాలేకపోయారు. తెలంగాణలో అంతకుముందు సంవత్సరం వాడకాన్ని బట్టి తాత్కాలిక బిల్లులు ఇచ్చారు. జూన్‌లో మళ్లీ రీడింగ్ మొదలయ్యాక మార్చి, ఏప్రిల్, మే వాడకం ఒక్కసారిగా లెక్కలోకి వచ్చింది. బిల్లు చూసి చాలామంది షాకయ్యారు. స్లాబ్ మారిపోయిందేమోనని ఫిర్యాదులు చేశారు.

ఇక్కడ అసలు సమస్య ఏంటంటే, మీటర్ కరెక్ట్‌గానే తిరుగుతూ ఉంది. మూడు నెలలకి కలిపి ఎన్ని యూనిట్లో దానికి తెలుసు. కానీ చల్లగా ఉన్న మార్చి మొదట్లో ఎంత కాలింది, ఎండలు మండిన మేలో ఎంత కాలింది అన్న విడి లెక్క లేదు. ఏ నెలకి ఆ నెల చివర్లో ఎవరో ఒకరు వచ్చి చూడాలి. రాకపోతే ఆ సమాచారం పోయినట్టే.

ఇందులో డబ్బు ఎంత ఉందో చూడండి. 2022-23 టారిఫ్ ఆర్డర్ ప్రకారం ఇంటి కనెక్షన్‌కి నెలకి 200 యూనిట్లలోపు అయితే మొదటి 100 యూనిట్లకి 3.40 రూపాయలు, తర్వాతి 100కి 4.80. అంటే 200 యూనిట్లకి ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. ఒక్క యూనిట్ పెరిగి 201 అయిందనుకోండి. మొదటి 200 యూనిట్ల రేటే 5.10కి మారిపోతుంది, పైన ఉన్న ఆ ఒక్క యూనిట్‌కి 7.70. మొత్తం 1,027.70 రూపాయలు. ఒక్క యూనిట్ తేడాకి 200 రూపాయలకి పైగా! 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతిలో అర్హులకి ఉచితం కూడా ఆ 200 యూనిట్ల గీత దాకానే. అందుకే "ఎన్ని యూనిట్లు" అన్నదానితో పాటు "ఏ రోజు నుంచి ఏ రోజుకి" అన్నది కూడా అంతే ముఖ్యం.

మామూలు పద్ధతిలో రీడర్ వచ్చి, చేతిలోని మెషీన్‌ని మీటర్ ఐఆర్ పోర్ట్‌కి ఎదురుగా పెట్టి రీడింగ్ లాగుతారు. అంకెలు తప్పుగా రాసుకునే గోల తగ్గింది. కానీ మనిషి రావాల్సిందే. వైర్‌లెస్ మీటరింగ్ తీసేసేది ఆ రాకపోకలనే.

మీటర్ దగ్గర ఎంత డేటా ఉంటుంది?

మనం 5జీ స్పీడ్ టెస్టులు చూసి చూసి, నెట్‌వర్క్ అంటే ఎంబీపీఎస్ అనుకుంటాం. మీటర్ సంగతి వేరు. ఒక రీడింగ్‌లో ఏముంటాయి? మొత్తం యూనిట్లు 4 బైట్లు, వోల్టేజ్ 2, కరెంట్ 2, ఆ క్షణంలో లోడ్ 2. మొత్తం 10 బైట్లు. పావుగంటకి ఒకసారి పంపితే రోజుకి 96 రీడింగులు, అంటే 960 బైట్లు. ఒక కిలోబైట్ కూడా నిండలేదు.

100 మీటర్లున్న అపార్ట్‌మెంట్ మొత్తానికి లెక్కేసినా రోజుకి 100 కేబీలోపే. మీ ఓనర్ పంపే ఆ మసక ఫొటో ఒక్కటే అంత ఉండొచ్చు. ప్రోటోకాల్ బరువు, సెక్యూరిటీ కోడ్‌లు కలిపి రెండు మూడు రెట్లు అయినా లెక్క పెద్దగా మారదు.

కాబట్టి స్పీడ్ మనకి అక్కర్లేని వస్తువు. దాన్ని వదులుకుంటే బదులుగా దూరం వస్తుంది, గోడల్ని దాటే శక్తి వస్తుంది. లో-పవర్ నెట్‌వర్క్‌ల కథంతా ఈ బేరమే.

వైఫైతో ఇబ్బంది ఎక్కడ?

అమీర్‌పేటలో ఏదైనా హాస్టల్ మెట్ల మీద నిలబడి ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ ఓపెన్ చేయండి. పక్క హాస్టల్, ఎదురు కోచింగ్ సెంటర్, కింద జిరాక్స్ షాపు, పై ఫ్లోర్ రూటర్లు, అందరి హాట్‌స్పాట్‌లు వరసగా కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగే ఛానెళ్లు మూడే: 1, 6, 11. బ్లూటూత్, జిగ్‌బీ, మైక్రోవేవ్ ఓవెన్ గోల కూడా అక్కడే. మైత్రీవనం దగ్గర పాంప్లెట్లు పంచేవాళ్లందరూ ఒకేసారి మీ చెవిలో కోర్సు పేర్లు చెప్తే ఎలా ఉంటుందో, పాపం ఆ బ్యాండ్ పరిస్థితి అలా ఉంటుంది.

రెండో ఇబ్బంది మీటర్ ఉండే చోటు. మన బిల్డింగుల్లో మీటర్లన్నీ చాలావరకు సెల్లార్‌లోనో, స్టిల్ట్ పార్కింగ్‌లో మెట్ల కిందో, ఒక ఇనుప ప్యానెల్ బోర్డులో ఉంటాయి. పైన కాంక్రీట్ స్లాబ్, లోపల ఇనుప చువ్వలు, పక్కన లిఫ్ట్ గుంత. రూటర్ ఏమో రెండో అంతస్తులో, ఎవరి రూమ్‌లోనో.

ఇక్కడ ఫిజిక్స్ కూడా మనకి వ్యతిరేకమే. అడ్డంకులు లేని చోట, ఒకే రకం యాంటెన్నాలతో, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ 866 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌తో పోలిస్తే దాదాపు 9 డెసిబెల్స్ ఎక్కువ నష్టపోతుంది. అంటే అవతలికి చేరే పవర్ ఎనిమిదో వంతు. మధ్యలో గోడలు వస్తే తేడా సాధారణంగా ఇంకా పెరుగుతుంది.

మూడోది మనుషుల సమస్య. వైఫై పాస్‌వర్డ్ మారిస్తే మీటర్ ఆఫ్‌లైన్. రూటర్ ఉన్న కుర్రాడికి జాబ్ వచ్చి రూమ్ ఖాళీ చేస్తే మీటర్ ఆఫ్‌లైన్. బిల్డింగ్ మీటర్ ఒక అద్దెదారు రూటర్ మీద ఆధారపడకూడదు.

865 మెగాహెర్ట్జ్: మన దేశం ఫ్రీగా ఇచ్చిన దారి

స్పెక్ట్రమ్ అనగానే వేల కోట్ల వేలంపాటలు గుర్తొస్తాయి. కానీ చిన్న చిన్న పరికరాల కోసం లైసెన్స్ లేకుండా వదిలేసిన బ్యాండ్‌లు ఉన్నాయి. 2005లో 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ని అలా వదిలారు. 2021లో దాన్ని 868 వరకు పెంచారు. 2005 రూల్స్ ప్రకారం ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్ దాటకూడదు, క్యారియర్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్ దాటకూడదు. వైఫై ఛానెల్ కనీసం 20 మెగాహెర్ట్జ్ తీసుకుంటుంది. ఇక్కడ దొరికేది అందులో నూరో వంతు. సన్నటి సందు అన్నమాట. లారీ పట్టదు, సైకిల్ పడుతుంది. 10 బైట్ల రీడింగ్‌కి సైకిల్ చాలు.

ప్రాజెక్ట్ చేసే కుర్రాళ్లకి ఒక హెచ్చరిక. కోఠి గుజరాతీ గల్లీలో గానీ ఆన్‌లైన్‌లో గానీ లోరా బోర్డు కొనేటప్పుడు ఫ్రీక్వెన్సీ చూసి కొనండి. అమెరికా కోసం చేసిన 915 మెగాహెర్ట్జ్ బోర్డులు కూడా అమ్ముతుంటారు. అది మన దగ్గర ఫ్రీ బ్యాండ్ కాదు. 890–915 మెగాహెర్ట్జ్ మన మొబైల్ ఫోన్లు టవర్‌తో మాట్లాడే చోటు, అమెరికా బ్యాండ్ 902 దగ్గరే మొదలై దాని మీద పడుతుంది. బోర్డుతో పాటు యాంటెన్నా కూడా 865కి సరిపోయేదే తీసుకోండి.

పోటీలో ఎవరెవరు?

లోరావాన్: దీని ట్రిక్ సింపుల్. మాటని సాగదీసి చెప్తుంది. రద్దీలో దూరంగా ఉన్న ఫ్రెండ్‌ని గబగబా పిలిస్తే వినపడదు. పేరుని సాగదీసి "రా...జే...ష్" అంటే తల తిప్పుతాడు. లోరాలో ఆ సాగదీతకి స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ అని పేరు, 7 నుంచి 12 దాకా ఉంటుంది. 7లో మన 10 బైట్ల రీడింగ్ గాలిలో సుమారు 62 మిల్లీ సెకన్లు ఉంటుంది. 12లో దాదాపు ఒకటిన్నర సెకను. దూరం పెరుగుతుంది కానీ గాలిలో ఉండే టైమ్ 24 రెట్లు అవుతుంది.

ఇదెందుకు ముఖ్యమంటే, లోరావాన్ మీటర్లు సాధారణంగా పక్కవాడు మాట్లాడుతున్నాడో లేదో చూసుకోకుండా పంపేస్తాయి. 100 మీటర్లు పావుగంటకి ఒకసారి, 12లో పంపితే 900 సెకన్లలో 150 సెకన్లు గాలి నిండిపోతుంది. ఒకదానికొకటి గుద్దుకోవడం ఖాయం. అవే మీటర్లు 7లో పంపితే మొత్తం కలిపి 6 సెకన్లే. కాబట్టి "మా గేట్‌వే 10 కిలోమీటర్లు కొడుతుంది" అన్న మాటకి పడిపోకండి. బిల్డింగ్‌లో గేట్‌వేని మీటర్లకి దగ్గరగా పెట్టి, అన్నీ 7లోనే మాట్లాడేలా చేయడమే తెలివైన పని.

వై-సన్: ఇది మెష్. రద్దీగా ఉన్న సిటీ బస్సులో వెనక నిలబడి, టికెట్ డబ్బులు ముందున్నవాళ్లకి ఇస్తే చేతులు మారి కండక్టర్‌కి చేరతాయి కదా, టికెట్ కూడా అలాగే వెనక్కి వస్తుంది. వై-సన్‌లో ప్రతి మీటరూ పక్క మీటర్ మాటని ముందుకి అందిస్తుంది. మధ్యలో ఒకరు దిగిపోతే వేరే చేతుల మీదుగా దారి మారుతుంది. చివర్లో బోర్డర్ రూటర్ అనే పెట్టె ఇంటర్నెట్‌కి కలుపుతుంది. ప్రతి మీటర్‌కి సొంత ఐపీవీ6 అడ్రస్ ఉంటుంది. వేగం 50 కేబీపీఎస్ నుంచి మొదలవుతుంది, కాబట్టి రీడింగ్ తేవడమే కాదు, మీటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పంపడం కూడా లోరావాన్ కంటే తేలిక. పక్కవాళ్ల మాట మోయాలంటే రేడియో ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. నీళ్ల మీటర్ బ్యాటరీకి అది భారం, కరెంటు మీటర్‌కి సమస్యే కాదు. కరెంటు దాని ఒంట్లోనే ఉంది కదా!

జిగ్‌బీ, థ్రెడ్: ఇవి కూడా మెష్‌లే, కానీ ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్‌లో. ఒక ఫ్లాట్ లోపల స్మార్ట్ ప్లగ్‌లకి చక్కగా పనిచేస్తాయి. 2024లో వచ్చిన మ్యాటర్ 1.3తో ప్లగ్‌లు, ఉపకరణాలు ఎంత కరెంటు వాడుతున్నాయో ఒకే పద్ధతిలో చెప్పే ఏర్పాటు కూడా వచ్చింది. కానీ సెల్లార్ నుంచి ఐదో అంతస్తుకి అంటే కష్టం. బ్రిటన్‌కి ఈ అనుభవం ఉంది. అక్కడ స్మార్ట్ మీటర్ నుంచి ఇంట్లోని డిస్‌ప్లేకి 2.4 గిగాహెర్ట్జ్ జిగ్‌బీ పెట్టారు. ఫ్లాట్లలో మీటర్ కింద, ఇల్లు పైన ఉండటంతో సిగ్నల్ అందని ఇళ్లు మిగిలిపోయాయి. తర్వాత 868 మెగాహెర్ట్జ్ కూడా మాట్లాడే హబ్‌లు తెచ్చారు, అదీ చాలని బిల్డింగుల కోసం ప్రత్యేక ఏర్పాటే పెట్టుకోవాల్సి వచ్చింది.

ఎన్‌బీ-ఐఓటీ, 4జీ: మొబైల్ ఆపరేటర్ టవర్‌నే వాడేవి. గేట్‌వే అక్కర్లేదు, మీటర్‌లో సిమ్ ఉంటుంది. ఎన్‌బీ-ఐఓటీ 180 కిలోహెర్ట్జ్‌లోనే పనిచేస్తూ, అవసరమైతే ఒకే మాటని చాలాసార్లు తిప్పి చెప్తుంది. అందుకే మామూలు ఫోన్‌కి సిగ్నల్ లేని చోట కూడా కొంతవరకు అందుతుంది. వేల ఇళ్లకి ఒకేసారి మీటర్లు పెట్టే డిస్కంలకి ఇది సులువు. కానీ 20 రూమ్‌ల హాస్టల్‌కి 20 సిమ్‌లు, 20 ప్లాన్‌లు అంటే అనవసర ఖర్చు.

మన హైదరాబాద్‌లో ఎక్కడ చేశారు?

ఇదంతా ఫారిన్ కబుర్లు అనుకోకండి. కేంద్ర విద్యుత్ శాఖ దేశమంతటా తీసుకున్న 14 స్మార్ట్ గ్రిడ్ పైలట్లలో ఒకటి మన జీడిమెట్ల పారిశ్రామికవాడలోదే. దాదాపు 12 వేల కనెక్షన్ల కోసం తలపెట్టిన ఆ పని హైదరాబాద్ కంపెనీ ఈసీఐఎల్‌కి దక్కింది. మనిషి వెళ్లకుండా మీటర్ దానంతటదే మాట్లాడటం అన్నది నగరానికి కొత్తేమీ కాదు.

గచ్చిబౌలి ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్ క్యాంపస్ ఇంకా ఇంట్రెస్టింగ్. 66 ఎకరాల క్యాంపస్‌నే ఒక చిన్న స్మార్ట్ సిటీగా మార్చి, గాలి నాణ్యత, నీళ్లు, సోలార్, బిల్డింగుల కరెంటు వాడకం కొలిచే సెన్సర్లు పెట్టారు. 2022లో సిలికాన్ ల్యాబ్స్‌తో కలిసి అక్కడ క్యాంపస్ అంతా వై-సన్ నెట్‌వర్క్ వేశారు, వీధి దీపాలని దాని మీద కంట్రోల్ చేశారు. దేశంలో క్యాంపస్ మొత్తానికి వేసిన మొదటి వై-సన్ నెట్‌వర్క్ ఇదేనని ప్రకటించారు.

ఈ సిలికాన్ ల్యాబ్స్‌కి హైదరాబాద్‌తో పాత చుట్టరికం కూడా ఉంది. మన ఊళ్లో పెద్ద డిజైన్ టీమ్ ఉన్న రెడ్‌పైన్ సిగ్నల్స్ నుంచి వైఫై, బ్లూటూత్ వ్యాపారాన్ని 2020లో 30.8 కోట్ల డాలర్లకి కొన్నది. తక్కువ పవర్‌తో మాట్లాడే చిప్‌ల పని మన ఊళ్లోనే జరుగుతోందన్నమాట.

మరి అమీర్‌పేట బిల్డింగ్‌కి ఏది?

ఒక ఉదాహరణ అనుకుందాం. గ్రౌండ్‌లో షాపులు, పైన నాలుగు అంతస్తుల్లో 20 ఏసీ రూమ్‌లు, సెల్లార్‌లో మెయిన్ మీటర్, ప్రతి అంతస్తు కారిడార్‌లో సబ్ మీటర్లు. ముందు అర్థం చేసుకోవాల్సింది: డిస్కం బిల్లు మెయిన్ మీటర్‌కే వస్తుంది. దాన్ని ముట్టుకోకూడదు, సీల్ తీయకూడదు. మనం నెట్‌వర్క్ వేసేది ఓనర్ సొంతంగా పెట్టుకున్న సబ్ మీటర్లకి.

ఆర్‌ఎస్-485 పోర్ట్ ఉన్న సబ్ మీటర్లయితే ఒక అంతస్తులో ఉన్నవన్నీ ఒకే వైర్ జంటతో కలిపి, అంతస్తుకి ఒక లోరావాన్ బాక్స్ పెట్టొచ్చు. 20 రేడియోలు అక్కర్లేదు, నాలుగు చాలు. సెల్లార్‌లో ఒకటి కలిపితే ఐదు. గేట్‌వేని రెండో అంతస్తు మెట్ల దగ్గర పెడితే పైకీ కిందకీ సమాన దూరం. యాంటెన్నాలు ఇనుప బోర్డు బయట ఉండాలి, లోపల పెడితే డబ్బాలో కూర్చుని అరిచినట్టే. గేట్‌వేకి చిన్న యూపీఎస్ ఇవ్వండి.

పంజాగుట్ట చౌరస్తా చుట్టూ ఉన్న పెద్ద కమర్షియల్ కాంప్లెక్స్‌ల సంగతి వేరు. సెంట్రల్ ఏసీ, లిఫ్టులు, పంపులు, అంతస్తుకో ఆఫీసు, వందల్లో మీటరింగ్ పాయింట్లు. ఒక పాయింట్ నుంచి ఇంకో పాయింట్‌కి దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి వై-సన్ లాంటి మెష్ అక్కడ బాగా కుదురుతుంది. కనెక్టెడ్ లోడ్ 100 కిలోవాట్లు లేదా డిమాండ్ 120 కేవీఏ, ఆపైన ఉండే కొత్త కమర్షియల్ బిల్డింగుల కోసమే కేంద్రం ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్ తెచ్చింది. పంజాగుట్టకి దగ్గర్లోనే, రాజ్‌భవన్ రోడ్డు బెల్లా విస్టాలో ఉన్న ఆస్కీ, తెలంగాణలో ఈ కోడ్ అమలు కోసం రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి పనిచేసింది.

అసలు లాభం: అందరి రీడింగూ ఒకే నిమిషంలో

వైర్‌లెస్ మీటరింగ్ అంటే యాప్‌లో గ్రాఫ్ చూసుకోవడమే అనుకుంటారు. అంతకంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది.

మన ఉదాహరణ బిల్డింగ్‌లో నెలకి మెయిన్ మీటర్ 3,000 యూనిట్లు, రూమ్‌లు, షాపుల సబ్ మీటర్లన్నీ కలిపి 2,550 అనుకోండి. మిగిలిన 450 లిఫ్ట్, బోరు మోటార్, కారిడార్ లైట్లు. అది అందరూ పంచుకోవాలి. ఇప్పుడు సబ్ మీటర్లు పోయిన నెల 1న చూసి, ఈ నెల 4న చూశారనుకుందాం. రోజుకి 85 యూనిట్ల చొప్పున 33 రోజులకి 2,805. కామన్ వాటా 195కి పడిపోయినట్టు కనిపిస్తుంది. ఆ మూడు రోజుల బరువు రూమ్‌ల మీద పడింది. వచ్చే నెల మళ్లీ 1నే చూస్తే లెక్క అటు తిరిగి, కామన్ వాడకం ఒక్కసారిగా పెరిగినట్టు చూపిస్తుంది. ఎవరూ మోసం చేయలేదు, మీటర్ తప్పు కూడా లేదు. అయినా గొడవ మాత్రం గ్యారంటీ.

నెట్‌వర్క్ ఉంటే అన్ని మీటర్ల రీడింగూ ఒకటో తారీఖు అర్ధరాత్రికి, టైమ్‌తో సహా నిలుస్తుంది. అప్పుడు మెయిన్‌కీ సబ్ మీటర్ల మొత్తానికీ ఉన్న తేడా నిజమైన కామన్ వాడకం. అది ఉన్నట్టుండి పెరిగితే బోరు మోటార్ ఆగకుండా నడుస్తోందో, ఎవరైనా కారిడార్ లైన్ నుంచి తీగ లాగారో తెలుస్తుంది.

పావుగంట రీడింగ్‌కి ఇంకో కారణం కూడా వచ్చేసింది. 2023లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల రూల్స్‌లో టైమ్ ఆఫ్ డే టారిఫ్ ఉంది. 10 కిలోవాట్లు దాటిన కమర్షియల్, ఇండస్ట్రియల్ కనెక్షన్లకి 2024 ఏప్రిల్ 1, వ్యవసాయం కాక మిగతావాళ్లకి 2025 ఏప్రిల్ 1 గడువుగా పెట్టారు. స్మార్ట్ మీటర్ పెట్టాక సోలార్ గంటల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ, పీక్ గంటల్లో ఎక్కువ ఉండాలన్నది దాని సారం. అలాంటి రేట్లు మీ కనెక్షన్‌కి వచ్చిన రోజున, నెలకి ఒక్క ఫొటోతో ఎవరి వాటా ఎంతో చెప్పడం అసాధ్యం. సాయంత్రం గీజర్ వేసినవాడికీ, మధ్యాహ్నం వేసినవాడికీ ఒకే రేటు పడుతుంది.

డేటా ఎవరిది?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. పావుగంటకోసారి వచ్చే రీడింగ్ మీ గురించి చాలా చెప్తుంది. ఎప్పుడు నిద్రలేచారు, ఎప్పుడు బయటికి వెళ్లారు, సంక్రాంతికి ఊరెళ్లి ఎన్ని రోజులు రూమ్ ఖాళీగా ఉంది, అన్నీ ఆ గ్రాఫ్‌లో కనిపిస్తాయి. లోరావాన్ ఏఈఎస్-128 ఎన్‌క్రిప్షన్ వాడుతుంది, వై-సన్ సర్టిఫికెట్లతో మీటర్‌ని గుర్తుపడుతుంది. గాలిలో పోయేటప్పుడు దొంగిలించడం అంత ఈజీ కాదు. కానీ డ్యాష్‌బోర్డ్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందన్నదే అసలు ప్రశ్న.

రూమ్ తీసుకునేటప్పుడు "వైర్‌లెస్ మీటర్ ఉంది" అంటే మూడు విషయాలు అడగండి:

- నా మీటర్ లాగిన్ నాకు ఇస్తారా, లేక మీకు మాత్రమే కనిపిస్తుందా?
- పావుగంట డేటా ఎన్నాళ్లు దాస్తారు? బిల్లుకి నెల మొత్తం సరిపోతుంది కదా.
- నెట్‌వర్క్ పడిపోతే ఏం చేస్తారు? మీటర్ మెమరీలో దాచి తర్వాత పంపుతుందా, లేక ఉజ్జాయింపుగా వేసేస్తారా?

రీడింగ్ కట్టేవాడికి కనిపించకపోతే ఎంత మంచి రేడియో పెట్టినా వాట్సాప్ ఫొటో కంటే గొప్పేమీ కాదు.

ఈ రోజే చేయగలిగే టెస్ట్

మీ బిల్డింగ్‌లో ఇవేవీ లేవా? పర్లేదు. సబ్ మీటర్ ముందు ఒక చిన్న ఎర్ర ఎల్‌ఈడీ మెరుస్తూ ఉంటుంది. పక్కన యూనిట్‌కి ఎన్ని మెరుపులో రాసి ఉంటుంది, చాలా మీటర్లకి 3200 లేదా 1600. రూమ్‌లో ఏసీ ఆన్ చేసి, ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి మెరుపులు లెక్కపెట్టండి. ఆ సంఖ్యని 60తో గుణించి, మీటర్ మీద రాసిన 3200తో భాగిస్తే మీ లోడ్ కిలోవాట్లలో వస్తుంది. 80 మెరుపులు వస్తే 1.5 కిలోవాట్లు, అంటే గంటకి ఒకటిన్నర యూనిట్.

తర్వాత రూమ్‌లో అన్నీ ఆఫ్ చేయండి, ప్లగ్‌లు కూడా పీకేయండి. ఐదు నిమిషాలు మీటర్ ముందు నిలబడండి. ఎల్‌ఈడీ ఇంకా మెరుస్తూనే ఉంటే మీది కాని లోడ్ ఏదో మీ మీటర్ మీద నడుస్తోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించమని ఓనర్‌ని అడగండి. బోర్డు మాత్రం మీరు విప్పకండి. మార్కెట్లో దొరికే కొన్ని పల్స్ కౌంటర్లు చేసేది కూడా ఇదే పని. ఆ మెరుపుల్ని లెక్కపెట్టి రేడియోలో పంపుతాయి.

ఫైనల్‌గా

చిన్న హాస్టల్‌కి, అపార్ట్‌మెంట్‌కి లోరావాన్ చాలు, గేట్‌వే మధ్యలో పెట్టాలి. వందల పాయింట్లున్న పెద్ద కాంప్లెక్స్‌కి వై-సన్. ఒక ఫ్లాట్ లోపల ఏ ఉపకరణం ఎంత తింటుందో చూడాలంటే జిగ్‌బీ లేదా మ్యాటర్ ప్లగ్‌లు. ఊరంతా మీటర్లు పెట్టే డిస్కంకి సెల్యులార్. మీ ఫోన్‌లో 865 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడే రేడియో లేదు, కాబట్టి మధ్యలో గేట్‌వే లేకుండా మొదటి రెండూ మీ స్క్రీన్ దాకా రావు. ఫోన్ కొనేటప్పుడు స్పీడ్ చూస్తాం, మంచిదే. మీటర్ దగ్గర మాత్రం సెల్లార్‌లోకి దిగి చూడండి. అక్కడి నుంచి నెలలో ప్రతి రోజూ తప్పకుండా 10 బైట్లు బయటికి వస్తున్నాయా, అవి మీకూ కనిపిస్తున్నాయా? ఈ రెండింటికీ అవునని సమాధానం వస్తే అదే మీ బిల్డింగ్‌కి బెస్ట్ నెట్‌వర్క్.

టెస్ట్ చేసి మీ రూమ్ ఏసీ నిమిషానికి ఎన్నిసార్లు మెరిసిందో రాసిపెట్టుకోండి. వచ్చే నెల ఆ మసక ఫొటో వచ్చినప్పుడు, ఈసారి మీ దగ్గర కూడా ఒక లెక్క ఉంటుంది.